ఉత్తరము చేరినదా?

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



ప్రతి సంవత్సరము ఈ సభలో పరీక్షా ఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు, వంటశాల కప్పు మరమ్మతును గూర్చియు మేము చెప్పుట, తామందరు ఓపికతో వినుట వాడుకయైనది. ఆ లెక్కలన్నియు ఈ సంచికలోనే వేరొక పుటలో అచ్చయినవి. కావున ఈ దినమున ఒక శాస్త్ర విషయమును మనవి చేయదలచితిమి. పలుచోట్ల నున్న యంత్రములు ఒకదానికొకటి వార్తలు పంపుకొనుచు ఒక పనిని జరుపును. ఏ వార్త ఎప్పుడు చేరునో, అసలు చేరునో లేదో తెలియదు. అట్టి చోట పని తప్పు లేకుండ జరుగునని ముందుగానే ఎట్లు నిర్ణయించి చెప్పవలెను? ఇదియే విషయము. వినుటకు ఇది ఎక్కడనో అమెరికాలోని సంగతివలె తోచును. కాని గంజాం జిల్లాలో దీనితో పని లేని ఇల్లు ఈనాడు అరుదు. సూరతులో మరమగ్గముల మీద పనిచేయు తండ్రి ఫోనులో పంపిన రూపాయలు చికిటిలోని తల్లి ఖాతాకు చేరుట దీనిమీదనే ఆధారపడియున్నది.

ఈ విషయమునే ఎన్నుకొనుటకు మరియొక కారణము కలదు. కిందటి వేసవిలో కొందరు తల్లిదండ్రులు మా వద్దకు వచ్చి, "మాస్టారూ, కంప్యూటరు చదువులు తెలుగులో చెప్పుటకు వీలుపడవు గదా, పిల్లవానిని బరంపురములో ఇంగ్లీషు బడిలో వేయుదుము" అనిరి. వారిలో ఇద్దరు వేసిరి కూడ. మేము వారిని నిందింపము. బిడ్డ మేలు కోరనివారెవరు? అయితే వీలుపడదను మాట నిజమగునో కాదో ఒకమారు పరీక్షించి చూడవలదా? మా చదువు ఇంటర్మీడియటు, ఆపై ఉపాధ్యాయ శిక్షణ. కంప్యూటరు శాస్త్రము కళాశాలలో చదివిన వారము కాము. మాకు బోధపడినంత మేరకు తెలుగులో చెప్పెదము. అర్థమైనదో లేదో తామే తీర్పరులు.

ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనుట ఒక విధము. "సరే" అన్న మాట చెవిని పడినదాక రెండవవాడు కదలడు. ఉత్తరము వ్రాసి తపాలాపెట్టెలో వేసి, మన పని మనము చూచుకొనుట వేరొక విధము. ఉత్తరము రేపు చేరవచ్చును, పది దినములకు చేరవచ్చును, ముందు వ్రాసినది వెనుకను, వెనుక వ్రాసినది ముందును చేరవచ్చును. ఈ రెండవ విధమునే శాస్త్రజ్ఞులు అసింక్రనస్ అందురు. మనవారికి ఇది కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, గంజాం జిల్లా చీలి, మనము ఈవైపునను మన చుట్టములు సగముమంది ఆవైపునను మిగిలినది మొదలు, మన బంధుత్వములెన్నో ఉత్తరములతోనే నిలిచినవి. "మీ లేఖ అందినది, అంతకు ముందు వ్రాసిన లేఖ అందలేదు" అను వాక్యము మన పెద్దల కార్డులలో ఎన్నిమార్లు చూడలేదు?

ఈ విధానములోని కష్టమంతయు ఒక చిన్న కథలో ఇమిడియున్నది. చికిటిలో పెండ్లికూతురివారు, ఇచ్ఛాపురమున పెండ్లికొడుకువారు. నడుమ ఏరొకటి పొంగినదనుకొనుడు. ఫోనులు లేవు. ఒక కుర్రవాడు చీటీ పట్టుకొని ఏరు దాటవలెను. దాటవచ్చును, దాటలేక దారిలోనే ఆగిపోవచ్చును. ఉభయులును ఒకే ముహూర్తమునకు గుడికి చేరవలెను. ఒకరు వచ్చి వేరొకరు రాకున్న పరువు పోవును. కావున ఎదుటివారు తప్పక వత్తురని నిశ్చయముగా తెలిసినగాని ఎవరును గడప దాటరు. పెండ్లికూతురి తండ్రి "గురువారము" అని చీటీ పంపెను. అది చేరినది. అయినను చేరినట్లు ఆయనకెట్లు తెలియును? వియ్యంకుడు "అందినది, వత్తుము" అని జవాబు పంపెను. జవాబు చేరినదో లేదో ఇప్పుడు వియ్యంకునికి తెలియదు. "మీ జవాబు అందినది" అని ఇటునుండి మరియొక చీటీ. అది అందినదో లేదో?

ఎన్ని చీటీలైన ఈ సంశయము తీరునా? తీరదు. ఇది మా విసుగుచేత అన్న మాట కాదు, రుజువు కలదు. ఏదో ఒక సంఖ్య, పదియే అనుకొందము, పది చీటీలతో నిశ్చయము కలుగునని వాదింతము. పదవ చీటీ దారిలో పోవచ్చును. పంపినవానికి అది పోయినట్లు తెలియదు గనుక, పోయినను పోకున్నను అతడు బయలుదేరును. అతడు బయలుదేరినచో రెండవవాడును బయలుదేరవలెను గదా, చీటీ అందకున్నను! అట్లయిన పదవ చీటీ అవసరమే లేదు. తొమ్మిది చాలును. ఇదే తర్కముచే ఎనిమిది, ఏడు... చివరకు చీటీయే లేకుండ ఇరువురును ముహూర్తము తెలిసికొని రావలెను. అది అసంభవము. కావున మొదట అనుకొన్నదే తప్పు. తొమ్మిదవ తరగతి పిల్లలు రేఖాగణితములో నేర్చు విరోధాభాస పద్ధతియే ఇది; దీనికై ఇంగ్లీషు బడికి పోనక్కరలేదు.

ఈ సమస్యను 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అను మువ్వురు పండితులు ఒక వ్యాసములో తెలిపిరి. ఏకనాథము అను పేరు మన ఊళ్ళలో వినబడు పేరే గదా అని మేము చదువునప్పుడు సంతోషించితిమి. వారి కథలో దొంగల ముఠాలుండెను. 1978లో జిమ్ గ్రే అను శాస్త్రజ్ఞుడు వారిని ఇద్దరు సేనాపతులుగా మార్చెను. మేము పెండ్లివారిని చేసితిమి, తర్కము మారలేదు.

నిశ్చయము అసాధ్యమని చేతులు ముడుచుకొని కూర్చుండిరా? లేదు. ఇంతకంటె తక్కువ కోరవలెను, కోరిన దానిని మాత్రము సందిగ్ధము లేకుండ వ్రాసి పెట్టవలెను అని వారు తెలిసికొనిరి. వ్రాసి పెట్టుటయే ఇందలి కీలకము. ఇందుకు మన భాషలో చక్కని మాటలు వేయి సంవత్సరముల నుండి ఉన్నవి: లక్షణము, లక్ష్యము. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ అను గణములు, పాదమునకు ఇరువది అక్షరములు, పదవ అక్షరము యతి, ప్రాసనియమము కలదు. ఇది లక్షణము. ఇందులో పద్యమేమియు లేదు. ఏ పద్యమైనను ఉత్పలమాల అగునో కాదో తేల్చుటకు మాత్రము ఇది చాలును. కవి ముఖము చూడనక్కరలేదు, మొగమాటము లేదు. వ్రాసిన పద్యము లక్ష్యము. అట్లే యంత్రమునకు వ్రాయు ప్రోగ్రాము లక్ష్యము. ఆ ప్రోగ్రాము ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో గణితభాషలో వ్రాసిన నియమావళి లక్షణము. ఇంగ్లీషువారు దీనిని ఫార్మల్ స్పెసిఫికేషన్ అందురు.

లక్షణము సరిగా లేని చోట ఏమి జరుగునో ఇంగ్లండు రైల్వే చరిత్రలో ఒక ఘోరమైన ఉదాహరణ కలదు. 1874 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి, నార్విచ్ నగరము వద్ద. ఒంటి లైను. అటు బ్రండాల్ స్టేషనులో మెయిలు ఆగియున్నది, ఇటు లండను నుండి ఎక్స్‌ప్రెస్ ఆలస్యముగా వచ్చినది. మెయిలును ముందు పంపుమని నార్విచ్ ఇన్‌స్పెక్టరు ఒక తంతి వ్రాయించెను, సంతకము చేయలేదు. సంతకము లేనిదే తంతి పంపరాదని నిబంధన ఉన్నను గుమాస్తా పంపివేసెను. ఇంతలో ఇక్కడ ఎక్స్‌ప్రెస్‌ను కదిలించిరి. పొరపాటు తెలిసి, మెయిలును ఆపుమని రెండవ తంతి పరుగున పంపగా, మెయిలు వెళ్ళిపోయినదని జవాబు వచ్చినది. రెండు బండ్లును చీకటిలో ఎదురెదురుగా పోయి థార్ప్ అను చోట ఢీకొనినవి. 25 మంది మరణించిరి. పంపిన వార్తను వెనుకకు పిలుచుటకు వేరొక వార్తయే సాధనము, అది మొదటిదానికంటె వేగముగా పోవునన్న హామీ ఏమియు లేదు.

ఆ తరువాత 1878లో ఎడ్వర్డు టయర్ అను ఇంజనీరు ఒక యంత్రము చేసెను. రెండు స్టేషన్లలోని పెట్టెలు విద్యుత్తుతో కలిసియుండును. ఏ పెట్టెనుండి యైనను ఒక బిళ్ళ బయటకు వచ్చినచో, దానిని తిరిగి ఏదో ఒక పెట్టెలో వేయునంతవరకు రెండవ బిళ్ళ ఎచ్చటనుండియు రాదు. బిళ్ళ చేతిలో లేనిదే డ్రైవరు బండి నడుపరాదు. మన దేశమునను ఒంటి లైనులపై దీనికి సంబంధించిన టోకెను పద్ధతులే నడచినవి. వేగముగా పోవు బండి నుండి చేయి చాచి టోకెను సంచి కట్టిన వలయమును అందుకొనుట మన పెద్దలలో చాలమంది చూచియుందురు. ఇక్కడ గమనింపవలసినది: గుమాస్తా జ్ఞాపకశక్తిపైనను, మంచితనముపైనను ఇప్పుడేమియు ఆధారపడలేదు. "బయటనున్న బిళ్ళలు ఒకటికి మించవు" అను ఒక్క వాక్యము ఎల్లవేళల నిజముగా నుండును. వార్తలు ఏ వరుసలో వచ్చినను, ఎంత ఆలస్యమైనను ఆ వాక్యము చెడదు. ఇట్టి చెడని వాక్యమును కనుగొనుటయే ఈ శాస్త్రములో సగము పని.

తక్కిన సగమేమి? బిళ్ళలన్నింటిని పెట్టెలో వేసి తాళము పెట్టినచో ప్రమాదము ఎన్నడును జరుగదు, బండియును కదలదు. పరీక్షలు పెట్టని బడిలో తప్పినవారుండరు! అందుచేత కీడు ఎన్నడును జరుగరాదను నియమమునకు తోడుగా, మేలు ఎప్పటికైనను జరుగవలెనను నియమమును కూడ లక్షణములో వ్రాయవలెను. లెస్లీ లాంపోర్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1977లో ఈ రెంటిని సేఫ్టీ, లైవ్‌నెస్ అని విడదీసెను.

ఈ మార్గమున నడచినవారు పలువురు. జర్మనీలో పెట్రి 1962లో చుక్కలు, గీతలు గల ఒక చిత్రపద్ధతిని కల్పించెను. 1973లో కార్ల్ హ్యూయిట్ ప్రభృతులు, ఒక్కొక్క యంత్రమును పాత్రధారిగా ఎంచి, వార్త పంపి మరచిపోవు నమూనా చేసిరి. 1978లో హోర్ చెప్పిన పద్ధతిలో ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకే క్షణమున కలియవలెను; అది చేతికి చేయి వ్యవహారము. మన రాష్ట్రమునకు గర్వకారణమైన పేరొకటి చెప్పవలెను. కటకమున జన్మించిన జయదేవ్ మిశ్రా గారు, మణి చాంది గారితో కలిసి, వార్తలు పంపుకొను యంత్రముల విషయమై రుజువులు చేయు పద్ధతిని 1981లో ప్రకటించిరి. 1988లో ఇరువురును యూనిటీ అను లక్షణభాషను వివరించు గ్రంథము వెలువరించిరి. ఒడియా పిల్లలకును తెలుగు పిల్లలకును ఆ పేరు ఒకే విధముగా చెప్పదగినది.

ఇక వరుస విషయము. ఇది మాకు అనుభవపూర్వకముగా తెలిసినది. ఒడియా లిపిలో ఎ, ఏ లకు వేరువేరు అక్షరములు లేవు. ఒ, ఓ లకును లేవు. అందుచేత మన పిల్లల ఇంటిపేర్లు తెలుగునుండి ఒడియాకును, అక్కడినుండి ఇంగ్లీషునకును పోవునప్పటికి గుర్తుపట్టరాకుండ మారుచున్నవి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యార్థి ఇంటిపేరు దిద్దుమని ఒక కార్యాలయమునకు తపాలాలో లేఖ పంపితిమి. వారము తరువాత తండ్రి పేరును కూడ దిద్ది, పూర్తి వివరములతో రెండవ లేఖ మనిషిచేత పంపితిమి. మనిషి ముందు చేరెను, తపాలా వెనుక చేరెను. చివర వచ్చినదే చివరి మాట అని ఆ కార్యాలయమువారు ఎంచిరి. సగము దిద్దిన పేరుతో సర్టిఫికెటు వచ్చినది. మా రెండు లేఖలపైనను ఔట్‌వర్డు సంఖ్యలు స్పష్టముగానే ఉన్నవి, చూచినవారు లేరు. ఆ బాలుడు కళాశాలలో చేరుటకు నాలుగు నెలలు తిరుగవలసివచ్చినది.

చేరిన వరుస వేరు, పుట్టిన వరుస వేరు. దీనికి లాంపోర్ట్ 1978లో చెప్పిన ఉపాయము మన ఔట్‌వర్డు రిజిస్టరు వంటిదే, ఒక్క మెరుగు మాత్రము అధికము. ప్రతి కార్యాలయము తన లేఖలకు వరుసగా సంఖ్యలు వేయవలెను. మా రిజిస్టరులో సంఖ్య 14 దాక వచ్చినదనుకొనుడు. ఇచ్ఛాపురము నుండి 40వ సంఖ్య గల లేఖ అందినది. ఇక మేము 15 వేయరాదు. 40ని దాటి పోవలెను. అప్పుడు జవాబు సంఖ్య ఎల్లప్పుడు ప్రశ్న సంఖ్యకంటె పెద్దదిగా నుండును. గోడగడియారములు సరిపోలకున్నను, కారణము ముందు, కార్యము వెనుక అన్న క్రమము చెడదు.

వరుసలు ఎన్ని విధములుగా తారుమారగును? మూడు వార్తలు 6 విధములుగా చేరవచ్చును, అయిదు 120 విధములుగా, పది 36,28,800 విధములుగా. ఇన్నింటిని మనుష్యుడు ఊహించి చూడలేడు. లక్షణమును గణితభాషలో వ్రాసినచో యంత్రమే ఒక్కొక్క దారిని నడచి చూచి, ఎక్కడ నియమము చెడునో చూపును. లాంపోర్ట్ కల్పించిన టి.ఎల్.ఏ. ప్లస్ అను భాష ఇట్టిది. అమెజాన్ సంస్థ ఇంజనీర్లు 2011 నుండి దానిని వాడి, తమ అనుభవమును 2015లో ప్రకటించిరి. వారి డైనమోడీబీ అను నిల్వవ్యవస్థలో ఒక దోషము దొరికినది. అది బయటపడుటకు అన్నిటికంటె దగ్గరి దారియే 35 అడుగులు. ఇది జరిగి, పిదప అది జరిగి, అట్లు ముప్పదియైదు సంఘటనలు ఒక ప్రత్యేకమైన వరుసలో కూడినగాని ఆ దోషము కనబడదు. అనేక పరీక్షలకు, నిపుణుల పరిశీలనకు అది చిక్కలేదు. అయితే ఇట్టి రుజువు లక్షణములో వ్రాసినదానికే పూచీ పడును. వ్రాయుట మరచిన నియమమును యంత్రము గుర్తుచేయదు. గణములన్నియు కుదిరి అర్థము లేని ఉత్పలమాలలు మనము చూడలేదా?

ఇప్పుడు సూరతుకు పోదము. 2016లో ప్రారంభమైన యూ.పి.ఐ. పద్ధతిలో తండ్రి ఫోను నొక్కగానే జరుగునది సుమారుగా ఇది. వార్త నడుమనున్న నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ యంత్రమునకు పోవును. అది తండ్రి బ్యాంకును సొమ్ము తగ్గింపుమనును, తగ్గించితిమని జవాబు వచ్చిన పిదప తల్లి బ్యాంకును సొమ్ము కలుపుమనును. ఇక్కడ తల్లి బ్యాంకునుండి జవాబు రాలేదనుకొనుడు. సొమ్ము కలిపి, జవాబు దారిలో పోయినదా? అసలు కలుపలేదా? ఆ యంత్రము చెడినదా, మెల్లగా పనిచేయుచున్నదా? 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్ద తీరము దాటి ఫోనులు మూగవోయినప్పుడు, దూరదేశములందున్న మన బిడ్డలకు కలిగిన సంశయమును తలచుకొనుడు. జవాబు లేకుండుట ఒక్కటే. కారణము నెట్‌వర్కు కావచ్చును, ఆపద కావచ్చును. వేచినకొలది ఆశయు భయమును సమముగా పెరుగును. ఫిషర్, లించ్, ప్యాటర్సన్ అను మువ్వురు 1985లో ఈ సంశయమునే సిద్ధాంతము చేసిరి: వార్తల ఆలస్యమునకు హద్దు లేని చోట, ఒక్క యంత్రము చెడు అవకాశమున్నను, తక్కినవన్నియు ఒకే నిర్ణయమునకు తప్పక వచ్చునని హామీ ఇచ్చు పద్ధతి ఏదియు లేదు. గడువు పెట్టుకొనుట, మరల అడుగుట, సరిపోనిచో వెనుకకు ఇచ్చుట అను ఉపాయములతోనే లోకము నడచుచున్నది.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20వ తేదీ ఉత్తరువులో ఆ గడువును వ్రాసి పెట్టినది. వ్యక్తినుండి వ్యక్తికి పంపినప్పుడు ఇక్కడ తగ్గి అక్కడ చేరనిచో, లావాదేవీ జరిగిన మరునాటిలోగా సొమ్ము దానంతట తిరిగి రావలెను. వ్యాపారికి చెల్లించినప్పుడు అయిదు దినములలోగా. గడువు దాటిన ప్రతి దినమునకు 100 రూపాయలు ఖాతాదారునకు చెల్లింపవలెను. చూచితిరా, ఇది కూడ ఒక లక్షణమే: సొమ్ము చేరవలెను, లేదా తిరిగి రావలెను, మూడవ గతి లేదు.

గత జూను మాసములో మన విద్యార్థి తండ్రి ఒకరు వసతిగృహపు రుసుము రెండువేల రూపాయలు సూరతునుండి పంపిరి. ఫోనులో "పెండింగ్" అని కనబడినది. సాయంత్రముదాక చూచి, పిల్లవానిని భోజనమునకు కూర్చుండనీయరేమో అను భయముతో మరల రెండువేలు పంపిరి. మరునాడు రెండును చేరినవి. సొమ్ము వారికి తిరిగి ఇచ్చితిమి గాని, ఆ రెండువేలు రెండు రోజులపాటు ఆ ఇంట లేకుండుట ఎంతటి ఇబ్బందియో తమకు మేము చెప్పనక్కరలేదు. ఫోను మొదటి వార్తను మరల పంపినచో పాత సంఖ్యయే ఉండును, యంత్రము దానిని గుర్తించి రెండవమారు లెక్కింపదు. మనము కొత్తగా నొక్కినచో కొత్త సంఖ్య పడును. యంత్రము దృష్టిలో అది వేరొక చెల్లింపు.

కావున ఈ సంవత్సరమునుండి పాఠశాల కార్యాలయమున ఒక పద్ధతి పెట్టితిమి. ప్రతి చెల్లింపునకు ఫోనులో 12 అంకెల రెఫరెన్సు సంఖ్య కనబడును. పెండింగ్ అని వచ్చినప్పుడు రెండవమారు పంపక, ఆ సంఖ్యను కాగితము మీద వ్రాసి పిల్లవానిచేత గుమాస్తాగారికి అందజేయించుడు. ఆ దినము మొదలు వారమువరకు రుసుము చెల్లించినట్లే భావింపబడును. భోజనమునకును పరీక్షకును ఆటంకముండదు. తొమ్మిదవ తరగతివారు శనివారము గణితపు గంటలో చీటీలతో ఈ పెండ్లి కథయు, టోకెను కథయు ఆడి చూపుదురు. అన్నియు తెలుగులోనే. బరంపురము బడికి పంపవలెనని ఆలోచించుచున్నవారు ఆ గంటకు వచ్చి వెనుక బల్లపై కూర్చుండి చూడవచ్చును. ముందుగా చెప్పి రానక్కరలేదు.